వదలకూడని పట్టీ

ఆ ఫిజియో గది నేలమాళిగలో ఉండేది. కిటికీలు లేవు. వేడి మైనం వాసన, నొప్పుల మందు వాసన కలిసి గోడలకు పట్టేసి ఉండేవి. అక్కడ అసిస్టెంటుగా పనిచేసే అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు. పిడికెడంత మనిషి. అయితేనేం, కొండలాంటివాళ్లను కూడా లేపి నిలబెట్టేది! ఎవరికి ఏ వ్యాయామమో డాక్టరమ్మ చెప్పి పైకి వెళ్లిపోతే, చేయించడం, నడిపించడం, ఆయాసం వస్తే ఆపడం, అంతా పిచ్చుక పనే.

ఆ మధ్యాహ్నం ఆఖరున వచ్చారు మామ్మగారు. తుంటి విరిగితే ఆపరేషన్ చేసి అతికించారు. "ఇంకోసారి పడ్డారో, ఇక మంచమే గతి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకే మామ్మగారి నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, వెనకనుంచి దాన్ని పిడికిట బిగించింది పిచ్చుక. మనిషి కూర్చునేదాకా పట్టీ వదలకూడదు. తల తెగిపడినా సరే.

"ఏమే పిచ్చుకా, నడిపిస్తున్నావా, సంతకు తోలుకెళ్తున్నావా?"

"తల వంచుకోకుండా నడవండి మామ్మగారూ, మంచి బేరం తగులుతుంది."

మామ్మగారు పకపకా నవ్వారు. కుడికాలు టక్కున పడుతోంది. ఎడమకాలు ఈడ్చుకుంటూ వెనకే వస్తోంది.

కరెంటు పోయింది.

కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి.

"కదలకండి. నేనున్నాగా."

"ఉన్నావు కనకే నిలబడ్డానే..."

అప్పుడు వెనకనుంచి, చక్రాల కుర్చీ ఉన్న మూలనుంచి, ఎవరో పిలిచారు.

"పిచ్చుకా."

మామ్మగారి గొంతే.

"నేనిక్కడ కూర్చున్నానే తల్లీ... నువ్వెవరిని పట్టుకున్నావు?"

పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిడికిట్లో పట్టీ వెచ్చగా ఉంది.

"వదలకే..." ముందునుంచి గుసగుస. అదీ మామ్మగారి గొంతే.

"కుర్చీకి బ్రేకు వెయ్యలేదే... జారుతోంది... పడిపోతున్నానే!" వెనకనుంచి కేక.

చక్రాలు కిర్రుమన్నాయి. బ్రేకు వేసిందా? వెయ్యలేదా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కిర్రు... కిర్రు... చప్పుడు దగ్గరికొస్తోంది.

వదిలేసింది.

ఒక్క అంగలో కుర్చీవైపు దూకింది. ఆ వెంటనే, తను విడిచివచ్చిన చోట... ఏదో మెత్తగా కూలింది.

"అయ్యో... పిల్లా..."

కరెంటు వచ్చింది.

నేలమీద ఎవరూ లేరు. పట్టీ ఒక్కటే పడి ఉంది, పెట్టిన బకిల్ పెట్టినట్టే. మామ్మగారు కుర్చీలో ఉన్నారు. కుర్చీ ఉన్నచోటే ఉంది. బ్రేకు వేసే ఉంది.

మామ్మగారు ఎవరి చెయ్యీ పట్టకుండా లేచారు. టక్. టక్. రెండు కాళ్లూ సమానంగా పడుతున్నాయి. తీసుకెళ్లడానికి వచ్చిన కోడలు గుమ్మంలోనే నోరు తెరిచి నిలబడిపోయింది. "నీ చేతి చలవ తల్లీ!" అని కోడలు వచ్చి పిచ్చుక బుగ్గలు పుణికింది. కుర్చీలోంచి లేచిన ఆ మనిషి మాత్రం వెనక్కి చూడకుండా, చకచకా మెట్లెక్కి వెళ్లిపోయింది.

పిచ్చుక వంగి పట్టీ తీయబోయింది. రాలేదు. రెండు చేతులా లాగింది. మనిషంత బరువు.

"అయిందా? తాళం వేసేస్తున్నా, రావమ్మా!" పైనుంచి కాపలాదారు కేక.

పిచ్చుక లేవలేదు. లేవాలంటే వదలాలి కదా. లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. పైన తాళం తిరిగింది.

పిడికిట్లో పట్టీ మెల్లగా పొంగుతోంది... తగ్గుతోంది... మళ్లీ పొంగుతోంది.