ఊక పెట్టె

తెల్లారి పాలు పొంగే వేళకు కోటమ్మకు కోడలి మీద అనుమానం కూడా పొంగడం ఆ ఇంట్లో రోజూ ఉన్నదే. ఆ రోజు మాత్రం దానికి కారణం కూడా దొరికింది. కోడలు చిట్టెమ్మ, నిన్ననే కాకినాడ నుంచి దిగిన ఆమె అన్న భూషణం వ్యాను షెడ్డు దగ్గర నిలబడి, తలుపును వేళ్లతో టకటకా కొట్టి చూస్తున్నారు.

బందరులో వాళ్లది చేపల వ్యాపారం. పాలకాయతిప్ప నుంచి వచ్చిన సరుకుకు ఐసు వేసి, సాయంత్రానికి వ్యానులో సర్ది షెడ్డులో పెడితే, మర్నాడు తెల్లవారకముందే అది గుడివాడ మార్కెట్టుకు బయలుదేరాలి. రెండు చెక్కల మధ్య ఊక దట్టించి ఆ షెడ్డుకు తలుపు చేసింది కోటమ్మ భర్త వెంకట్రామయ్య. ఆయన పోయి రెండేళ్లయింది. తలుపులో ఊక చెమ్మకు కుంగి కిందికి జారిపోయింది. ఈ వేసవిలో రెండుసార్లు గుడివాడ చేరేసరికి చేప మెత్తబడితే, మూడోసారి మా కొట్టు దగ్గర ఆపొద్దని మార్కెట్టువాళ్లు చెప్పేశారు.

"పై సగం డొల్ల అత్తా. వేడంతా ఇందులోంచే లోపలికొస్తంది" అన్నాడు భూషణం. అతను కాకినాడలో రొయ్యల కంపెనీ చలిగదిలో పని చేస్తాడు. చంకలో తెల్లటి అట్టలాంటిది ఒకటి ఉంది. "థర్మోకోల్ అంటారు దీన్ని. బరువుండదు, చెమ్మ పీల్చదు, ఎలక్కి రుచించదు."

కోటమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. చేతిలో ఏమీ లేనట్టే ఉంది. అంత తేలికైనదాన్ని నమ్మడం ఆవిడ వల్ల కాలేదు.

"మీ మావయ్య చేసిన తలుపు పీకించి, ఈ మరమరాల అట్ట పెట్టిస్తావంటే!" అంది కోడలితో. మనసులో లెక్క వేరేగా సాగుతోంది. ఇవాళ తలుపు మారుస్తారు, రేపు షెడ్డు, ఎల్లుండి వ్యాను మీద భూషణం కూర్చుంటాడు.

కొడుకు లక్ష్మయ్యకు తల్లి ముఖం చూస్తే సంగతి తెలిసిపోయింది. "మాటలెందుకమ్మా, పరీక్ష పెడదాం. మూడు పెట్టెలు చేస్తా. ఒకదాని గోడల్లో ఊక, ఒకదాంట్లో రంపప్పొట్టు, ఒకదాంట్లో ఈ అట్ట. తలా రెండు కిలోల ఐసు. పొద్దుగూకేసరికి దేంట్లో ఎక్కువ మిగిలితే దాంతోనే తలుపు."

"సరే. ఊక పెట్టె మాత్రం నేనే మూస్తా. మీ నాయన పెట్టె ఇంకొకరి చేతికివ్వను" అంది కోటమ్మ.

పెట్టెలు తయారయ్యేసరికి ఎనిమిదైంది. ఐసు గోనెలు, ఉప్పు కుండ, తక్కెడ ఎప్పుడూ ఉండే షెడ్డు గడప దగ్గరే వాటిని వరసగా పెట్టారు. పొట్టు పెట్టె లక్ష్మయ్య, తెల్ల అట్ట పెట్టె భూషణం మూశారు. కోటమ్మ ముప్పయ్యేళ్లుగా ఐసు పెట్టె ఎలా మూస్తోందో అలాగే చకచకా ఊక పెట్టె మూసి, ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చుంది. ఊరికే కూర్చోవడం అలవాటు లేక రొయ్యలు ఒలవడం మొదలుపెట్టింది. ముళ్లకు వేళ్లు గీసుకుపోయినా చూపు పెట్టెల మీదే.

మధ్యాహ్నం రెండు ముద్దలు తినడానికి మాత్రం లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఊక పెట్టె దగ్గర చిట్టెమ్మ! చీర కొంగు తడిసి నీళ్లు కారుతున్నాయి. అత్తను చూసి పక్కకు తప్పుకుంది.

కోటమ్మ పీట మీద కూర్చుని మళ్లీ రొయ్యలు అందుకుంది. చూసినదాన్ని సాయంత్రం దాకా కడుపులో దాచుకుంది.

పొద్దు వాలాక పెట్టెలు తెరిచి, మిగిలిన ఐసు తూచారు. తెల్ల అట్టలో కిలోన్నర. పొట్టులో కిలోకి కాస్త తక్కువ. ఊక పెట్టెలో మిగిలింది పిడికెడు, మిగతాదంతా నీళ్లే.

"పొట్టుకీ ఊకకీ ఇంత తేడానా?" లక్ష్మయ్య తెల్లబోయాడు.

"ఎందుకుండదు? నేను తినడానికెళ్తే మీ ఆవిడ మూత తీసింది. కొంగు తడిసి ఉండగా నా కళ్లతో చూశా!"

"మూత ముట్టుకోలేదత్తా" అంది చిట్టెమ్మ. "రేకు సందులోంచి ఎండ సూటిగా ఆ పెట్టె మీద పడతంది. మిగతా రెండూ నీడలో ఉన్నయ్. మావయ్య పెట్టెకి అన్యాయం జరుగుద్దని గోనె తడిపి అడ్డం కట్టా. అదుగో, ఇంకా అక్కడే ఉంది."

పైన గోనెపట్ట నిజంగానే వేలాడుతోంది. కోటమ్మ దానివైపు చూడదలుచుకోలేదు. పెట్టెలో చెయ్యి పెట్టి నీళ్లు కలియబెట్టింది. గీసుకుపోయిన వేళ్లు చురుక్కుమన్నాయి. వేలు నోట్లో పెట్టుకుని ఒక్క కేక వేసింది.

"ఉప్పు! ఉప్పేసి కరిగించావా! మీ అన్న సరుకు గెలవాలని మీ మావయ్య పెట్టెలో ఉప్పు పోశావా!"

ఉప్పు పడితే ఐసు గబగబా కరుగుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. లక్ష్మయ్య భార్యవైపు తిరిగాడు. "చిట్టెమ్మా?"

ఆ ఒక్క పిలుపులో ఉన్న ప్రశ్నకు చిట్టెమ్మ తట్టుకోలేకపోయింది. అత్త అనుమానం ఆమెకు నాలుగేళ్లుగా అలవాటే. భర్త ఎప్పుడూ అలా అడగలేదు.

"అన్నా, నేనూ నీతో వస్తా. నన్ను పాలకాయతిప్పలో మన పుట్టింటి దగ్గర దింపెయ్" అంటూ కళ్లు తుడుచుకుంది. భూషణం చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు.

"వెళ్లు! మళ్లీ పెడతా పరీక్ష, ఈసారి అన్నం కూడా తినను!" కోటమ్మ రొప్పుతూ నీళ్లు పారబోసింది. గోనెలోంచి కొత్త ఐసు ముక్క తీసి పెట్టెలో వేసింది. ఎడమ చేత్తో మూత అందుకుంది. కుడి చెయ్యి దాని పాటికది గడప పక్కనున్న ఉప్పు కుండలోకి వెళ్లి, గుప్పెడు నింపుకుని పెట్టె మీదికి వచ్చింది.

అందరూ ఆ చేతినే చూస్తున్నారు. వాళ్ల చూపుల వెంట కోటమ్మ కూడా చూసింది.

ఐసు, ఉప్పు, మూత. చేప నిలవడానికి మొగుడు నేర్పిన వరస. పొద్దున కూడా ఈ చెయ్యే వేసింది. వేసినట్టు ఆవిడకు తెలియనైనా తెలియలేదు. వేళ్ల సందుల్లోంచి ఉప్పు జారి గడప మీద పడుతోంది.

నాలుగేళ్లుగా ఈ పిల్లను ఎన్నిటికి అనుమానించిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మాయమైన కత్తిపీట, చిరిగిన వల, విరిగిన పాలు. కోటమ్మకు ఏడుపు ఆగలేదు.

"చిట్టెమ్మా, నేనే వేశానే. పొద్దున కూడా నేనే వేశా" అంది అందరి ముందూ. "నువ్వేమో మీ మావయ్య పెట్టెకి నీడ కట్టావు. వెళ్లకే తల్లీ."

చిట్టెమ్మ వెంటనే కరిగిపోలేదు. ముందు భర్తవైపు చూసింది. అతను తల దించుకుని "నేను అడక్కుండా ఉండాల్సింది" అన్నాక, వచ్చి అత్త గుప్పిట విప్పి ఉప్పు కుండలో దులిపింది.

మర్నాడు ఉదయం పెట్టెలు మళ్లీ వరసగా పెట్టారు. కోటమ్మ దూరంగా నిలబడింది. "నువ్వే మూయి. నా చేతిని నేనే నమ్మను" అంది కోడలితో.

"మావయ్య పెట్టె నువ్వే మూయాలత్తా. చెయ్యి నేను పట్టుకుంటాగా" అంది చిట్టెమ్మ.

ఆ సాయంత్రం ఊక పెట్టె పొట్టు పెట్టెను దాటింది, తెల్ల అట్టను దాటలేదు. తెల్ల అట్ట తలుపుకే కోటమ్మ సరేనంది. పొద్దున మాత్రం, కోడలు తన కుడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉండగా, ఎడమ చేత్తో మొగుడి పెట్టె మూత మూసింది. మూశాక కూడా ఆ చెయ్యి విడిపించుకోలేదు.