బొందలగడ్డకు పోయిన బొంత

ఒకరికి బంగారం పిచ్చి, ఒకరికి బర్రెల పిచ్చి. భద్రమ్మకు బొంతల పిచ్చి. ఖిలా వరంగల్‌లో మట్టికోటకూ రాతికోటకూ నడుమ ఉన్న ఆ రెండర్రల పెంకుటింట్లో ఇంకేమున్నా లేకపోయినా సందుగ నిండా బొంతలుండేవి. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, చలికాలమంతా కూర్చుని తన చేత్తో కుట్టినవి. చలి పోగానే వాటిని ఉడుకునీళ్ళలో నానబెట్టి, ఉతికించి, రెండు ఎండలు ఆరేసి, మడత మడతకూ వేపాకు రెమ్మ పెట్టి సందుగలో సర్దేది. ఏ బొంత ఏ వరుసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. "నేనేడున్ననో నీకు తెల్వదు గని, నీ బొంతలేడున్నయో మాత్రం ఎరుకే" అని ఆమె మొగుడు రాయమల్లు మిల్లుకు పోతూ పోతూ ఎత్తిపొడిచేవాడు.

అది డెబ్బయి ఎనిమిది ఎండకాలం. బిడ్డ పద్మ కాన్పుకు వచ్చి ఉంది. మగపిల్లవాడు పుట్టి పద్దెనిమిది రోజులు. ఇరవై ఒకటో రోజున తొట్లెలో వెయ్యాలి, ఆలోపు పురిటి పక్కబట్టలన్నీ ఉతికి ఇల్లు శుద్ధి చేసుకోవాలి. పొద్దున్నే చాకలి సమ్మవ్వ వచ్చి దుప్పట్లు, చద్దర్లు, బొంతలు మూటగట్టి కోట అగడ్తకు ఎత్తుకుపోయింది. ఒక్క బొంత తప్ప.

ఆ ఒక్కటి సమ్మవ్వ కంట పడకుండా భద్రమ్మ సందుగ అడుగున దాచిపెట్టింది. సమ్మవ్వ సందు మలుపు తిరిగాక తలుపు గొళ్ళెం పెట్టి, దాన్ని బయటకు తీసి, పెరట్లో నీళ్ళ గాబు దగ్గర తానే నానబోసింది.

దాచిన కారణం చెప్పాలంటే మాఘమాసంలోకి పోవాలి. ఆ నెలలో భద్రమ్మ అత్త చిలుకమ్మ, పద్మకు బాపమ్మ, పోయింది. వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషి ఏ పక్క మీద ప్రాణం విడిస్తే ఆ పక్క ఆ మనిషిదే. శవం వెనకే చాకలామె దాన్ని నెత్తిన పెట్టుకుని బొందలగడ్డకు పోయి, పూడ్చిన చోట పరిచి రావాలి. చిలుకమ్మ పక్క మామూలు పక్క కాదు. పైన నారాయణపేట చీర, లోపల పన్నెండు పొరలు, వెన్న మీద పండుకున్నంత మెత్తన. "దీన్ని నా ఎంటనే తోలు బిడ్డా. నడుమ పొరల మీ మామ ధోతి ఉన్నది" అని ముసలామె కోడలి చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. భద్రమ్మ సరేనంది.

అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందని సామెత. భద్రమ్మ అట్లాంటిది కాదు. అత్త పోయిన పొద్దున్నే గుండెలు బాదుకుని నిజంగా ఏడ్చింది. ఏడుస్తూనే, శవానికి స్నానం చేయించే సందట్లో, బొంత మార్చింది. ఏడో నెల కడుపుతో ఉన్న పద్మ కళ్ళముందు మెదిలింది. రేపు పుట్టేవాడి లేత ఒంటికి ఇంత మెత్తటి పక్క మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? మట్టిలో కలిపితే చచ్చినామెకు తెలుస్తుందా? అనుకుని, పద్మ ఐదేళ్ళప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా పడుకున్న పాత బొంత ఒకటి అరుగు మీద చుట్టి పెట్టింది. సమ్మవ్వ ఏ అనుమానం లేకుండా దాన్నే నెత్తికెత్తుకుంది.

కాన్పు అయిన మూడో నాడు భద్రమ్మ అత్త బొంత తీసి పద్మకూ పిల్లవాడికీ పరిచింది. ఆ నాడే పద్మకు చలి మొదలైంది.

బండలు పగిలే ఎండలో చలి! రెండు బొంతలు కప్పినా, మీద గొంగడి కప్పినా పళ్ళు కొట్టుకునేవి. దవాఖానకు తీసుకుపోతే రక్తం చూశారు, జ్వరం లేదన్నారు, గోళీలు రాసిచ్చారు. గోళీలు అయిపోయాయి గానీ చలి పోలేదు. పాలు తగ్గిపోయాయి. రెండు రోజులుగా పద్మ పిలిస్తే పలకడమే మానేసింది. గోళ్ళు నీలంగా మారుతున్నాయి. ఇరవై రెండేళ్ళ బిడ్డ చేతుల్లోంచి జారిపోతుందేమోనని భద్రమ్మకు రాత్రీ పగలూ ఒకటే భయం. ఏదో ఒక పని చేయకుండా క్షణం కూర్చోలేకపోయేది. ఉతికిందే ఉతికేది, తుడిచిందే తుడిచేది.

ఆ బొంతను మూడుసార్లు సబ్బు పెట్టి తొక్కింది. మూడుసార్లు పిండింది. నీళ్ళు తేటగా వచ్చాయి. వాసన మాత్రం పోలేదు... చుట్ట పొగ వాసన. చిలుకమ్మ చనిపోయేదాకా తాగిన చుట్టలది. ఇన్ని రోజులుగా లేని వాసన ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. ఎండకు పోతుందిలే అనుకుని దండెం మీద ఆరేసింది.

మధ్యాహ్నం మూడింటికి బొంత గలగలా ఆరింది. అప్పుడే గాలి లేచింది. పడమటి నుంచి ఎర్రదుమ్ము కమ్ముకొచ్చి పట్టపగలే మునిమాపు అయింది. పెంకులు చప్పుడు చేస్తున్నాయి. ఎక్కడో రేకు ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది. భద్రమ్మ ఉరికి వచ్చి దండెం మీది బొంత లాగింది.

పెద్ద బొంత మడవడం ఇద్దరి పని. ఒకరు ఇటు కొనలు, ఒకరు అటు కొనలు పట్టుకుని, రెండుసార్లు బిగలాగి దులిపి, ఎదురెదురు నడిచి కొనలు కలపాలి. ఇరవై అయిదేళ్ళు ఆ ఇంట్లో అటు కొనలు పట్టింది చిలుకమ్మే. ఇప్పుడెవరూ లేరు. రాయమల్లు మిల్లులో ఉన్నాడు. భద్రమ్మ ఒక్కతే ఇటు కొనలు పట్టుకుంది. అటు కొనలు నేల మీద జీరాడుతున్నాయి.

గాలి ఒక్కసారిగా మొహాన కొట్టింది. కళ్ళ నిండా దుమ్ము. రెప్పలు గట్టిగా మూసుకుంది.

అప్పుడు అటు కొనలు పైకి లేచాయి.

గాలికి లేచినట్టు కాదు. ఎవరో వంగి, రెండు చేతులతో తీసి పట్టుకున్నట్టు... బొంత నడుమ బిగిసింది.

"నువ్వెందుకు లేచినవ్ పద్మా?" అంది భద్రమ్మ కళ్ళు తెరవకుండానే. లోపల్లోపల సంతోషం కూడా కలిగింది, పిల్ల లేచి నడిచింది కదా అని. "సరే... గట్టిగ పట్టు."

గట్టిగానే పట్టారు. ఒకసారి లాగి దులిపారు. రెండోసారి లాగి దులిపారు. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. కొనలు తెచ్చి భద్రమ్మ చేతిలో పెట్టారు. వేళ్ళకు వేళ్ళు తగిలాయి.

చల్లగా ఉన్నాయి. తడిమట్టి అంటుకుని ఉన్నాయి.

రెండో మడతకు బొంత మళ్ళీ బిగిసింది. సరిగ్గా ఆ క్షణంలోనే లోపలి అర్రలోంచి పద్మ గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా... సలి..."

భద్రమ్మ చేతులు ఆగిపోయాయి. పద్మ లోపల ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మరి ఇక్కడ... ఎదురుగా...

అడుగులు మళ్ళీ దగ్గరికొచ్చాయి. చుట్ట వాసన మొహానికి వెచ్చగా తగిలింది. చెవి పక్కనే, పళ్ళు లేని నోటితో, మెల్లగా...

"నా కాడ పరిచిన పక్క ఎవలదే, భద్రీ?"

కళ్ళు తెరిచింది. పెరట్లో ఎవరూ లేరు. గాలి మాత్రం ఉంది. ఆమె చేతుల్లో బొంత నాలుగు మడతలుగా, మూలకు మూల కుదిరి, చక్కగా ఉంది.

భద్రమ్మ చెప్పులైనా వేసుకోలేదు. బొంత చంకన పెట్టుకుని, గాలికి ఎదురు పడి అగడ్త దాకా ఉరికింది. గట్టు మీద సమ్మవ్వ ఎగిరిపోతున్న చద్దర్లను రాళ్ళ కింద అదుముతోంది. భద్రమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పేసింది. ఏదీ దాచలేదు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

సమ్మవ్వ ఆ నారాయణపేట చీరను చూసింది. దాన్ని ముట్టుకోలేదు.

"ఇది చిలుకక్కది. మరి నాకెవలదిచ్చినవే బిడ్డా?"

"పద్మది... సమ్మవ్వా."

ముసలామె చేతిలోని చద్దరు గాలికి పోయింది. పట్టుకోలేదు.

"ఎంత పని చేసినవే! ఎవల పక్క ఆడ పరిస్తే వాళ్లకు ఆడ జాగ చేసినట్టు గాదా? నా చేతుల్తోని పరిచిన గదనే... బతికున్న పోరికి..." సమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "లే. పొద్దు గూకకముందే పోదాం. ఆడ ఖాళీ పక్క ఉంటే ఇంకెవలన్న ఒచ్చి పండుకుంటరు. మీ అత్తది మీ అత్తకియ్యి, బిడ్డది బిడ్డకు తెచ్చుకో. పరిచిన చేతులు మళ్ల ఎత్తరాదు. నేను బొందలగడ్డ మొదలు దాక వస్త, లోపటికి నువ్వే పోవాలె."

మట్టికోట అవతల తంగేడు పొదల నడుమ ఉంది బొందలగడ్డ. వాళ్ళు చేరేసరికి గాలి ఒక్కసారిగా పడిపోయింది. పక్షి అరుపు లేదు. తన అడుగుల చప్పుడే తనకు వినిపిస్తూ భద్రమ్మ లోపలికి నడిచింది. తడిసిన మట్టి వాసన వస్తోంది, వాన మాత్రం పడలేదు.

మూడు నెలలు ఎండకు ఎండి, గాలికి చిరిగి, కుక్కలు పీకి... ఆ బొంత పీలికలై ఉంటుందనుకుంది. కానీ చిలుకమ్మ మట్టికుప్ప మీద అది మడతపెట్టి ఉంది. నాలుగు మడతలు. మూలకు మూల. ఇంత దుమ్ము లేచినా దాని మీద దుమ్ము లేదు.

అదే బొంత. చిలకపచ్చ అతుకు, ఎలుక కొరికితే తాను నల్లదారంతో వేసిన కుట్టు. గుర్తుపట్టగానే భద్రమ్మకు ఏడుపు ఆగలేదు.

"అత్తా... తప్పయింది. నా బుద్ధి గడ్డి తిన్నది. నీది నీకు తెచ్చిన. నా బిడ్డను ఇడిచిపెట్టు."

చంకలోని బొంత విప్పి మట్టికుప్ప మీద అంచు నలగకుండా పరిచింది. పద్మ బొంతను విప్పి చూసే ధైర్యం చాలక, మడత మడతగానే నెత్తికెత్తుకుంది. బరువుగా ఉంది. ఇంత పాత బొంత ఇంత బరువేమిటి అనుకుంది గానీ, ఉరికి ఉరికి వచ్చిన ఒంటికి చిన్న సంచీ కూడా బరువేనని సర్దిచెప్పుకుంది. తిరుగుదారిలో సమ్మవ్వ ఎందుకో పక్కన నడవలేదు. నాలుగడుగులు ఎడంగా నడిచి, తన ఇంటి మలుపు రాగానే అటే తిరిగిపోయింది.

ఇంట్లో దీపం వెలుగుతోంది.

పద్మ లేచి కూర్చుని ఉంది. కప్పుకున్న గొంగడిని పక్కకు నెట్టేసింది. మెడ మీద చెమట కారుతోంది. పిల్లవాడు కడుపునిండా పాలు తాగి ఒళ్ళో నిద్రపోతున్నాడు.

"ఉడకపోస్తాందే అమ్మా. జర ఇసనకర్ర ఇటియ్యి. ఆకలయితాంది."

ఆకలి అన్న మాట విని ఎన్నాళ్ళయింది! భద్రమ్మ గడపలోనే నిలబడి ఏడుస్తూ నవ్వింది. ఇరవై ఒకటో నాడు వాడంతా పిలిచి తొట్లె చెయ్యాలని, సమ్మవ్వకు కొత్త చీర పెట్టాలని ఒక్క క్షణంలో వంద అనుకుంది.

"ఇక ఫికర్ లేదు బిడ్డా. నీ బొంత నీకు తెచ్చిన."

పద్మ తలెత్తి తల్లి నెత్తి మీదికి చూసింది.

"నా బొంతనా? అది ఎప్పుడో వచ్చె గదనే. నువ్వటు పోంగనే బాపమ్మ తెచ్చి కప్పింది. 'నీది నువ్వు తీస్కో పోరీ' అన్నది. కప్పంగనే సలి పోయింది."

భద్రమ్మ దీపం వెలుగులో చూసింది. పద్మ ఒడిలో, పిల్లవాడి చుట్టూ, ఒక పాత బొంత. చిలకపచ్చ అతుకు. పక్కన నల్లదారం కుట్టు.

నెత్తి మీది బరువు ఇప్పుడు మెడ నరాలకు తెలుస్తోంది. మెల్లగా... చాలా మెల్లగా... దాన్ని దించి నేల మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది.

గాలి లేదు. దీపం కదలడం లేదు.

బొంత పై మడత దానంతటదే విచ్చుకుంది. లోపల ఎవరో నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లినట్టు గుడ్డ పొంగి, మళ్ళీ అణిగింది.

పద్మ పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుని గోడకు జరిగింది.

"అమ్మా... ఎవర్ని తోల్కొచ్చినవే?"

రెండో మడత విచ్చుకుంది.