అమ్మ మోకాళ్ళ వైద్యం

ఆ మంగళవారం కూడా ఆవిడ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, సంచి భుజాన వేసుకుని మోకాళ్ళ వైద్యానికి బయల్దేరింది. వారానికి రెండు రోజులు, పొద్దున్నే ఏడింటికి. నాలుగు నెలలుగా ఇదే వరస. విచిత్రమేమిటంటే, వైద్యం మొదలయ్యాకే ఆవిడ మోకాళ్ళు కమిలిపోవడం మొదలైంది. పేపరు చదువుతున్న భర్త తల ఎత్తకుండానే, ఆ డాక్టరు నయం చేస్తున్నాడో పాత పగ తీర్చుకుంటున్నాడో ఓసారి కనుక్కోమన్నాడు.

ఆవిడ నవ్వి ఊరుకుంది. గుమ్మం దాటేలోపే కూతురు చెప్పులేసుకుని ఎదురొచ్చింది. కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆ పిల్ల ఆ పూటకి సెలవు పెట్టిందట. తనూ వస్తానంది. తగ్గాల్సింది ఎందుకు ముదురుతోందో డాక్టరుని నిలదీస్తానంది. బయటివాళ్ళని లోపలికి రానివ్వరని, ఇవాళ డాక్టరు వస్తాడో రాడోనని, తల్లి నోటికొచ్చినవన్నీ చెప్పింది. కూతురు అవేవీ చెవిన పెట్టకుండా సంచి అందుకుంది.

"ఇదేంటమ్మా ఇంత బరువు? అక్కడ ఇటుకలు మోయిస్తున్నారా?"

నవ్వుతూనే జిప్పు లాగింది. పాత తువ్వాలు ముక్కలతో కుట్టిన తొడుగుల్లో తెల్లటి ఐస్ స్కేట్ల జత. ఎడమ బూటు మడమ మీద, పదమూడేళ్ళప్పుడు తను అతికించిన నక్షత్రం స్టిక్కరు సగం ఊడి ఇంకా అలాగే ఉంది.

"ఎవరికో ఇచ్చేశానన్నావుగా."

పదేళ్ళ కిందట ఆ పిల్ల లెక్కల్లో తప్పింది. అప్పటికే స్కేటింగు హాల్లో మంచు మీద ఒంటికాలిపై గిర్రున మూడు చుట్లు తిరిగేది. నాలుగోది వచ్చేదాకా ఇంటికి రానని మొండికేసేది. మార్కులు చూసిన రోజే ఆవిడ ఆ స్కేట్లు తీసి అటక మీద కర్టెను గుడ్డల అడుగున దాచేసి, ఎవరికో ఇచ్చేశానని చెప్పింది. పెద్ద పరీక్షలయ్యాక తీసిద్దామనే అనుకుంది, నిజంగానే. కానీ పిల్ల వారం రోజులు ఏడ్చి, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. అబద్ధమాడానని ఆ పిల్లతో చెప్పడానికి తల్లికి మొహం చెల్లలేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

భర్త పేపరు మడిచి మెల్లగా లోపలి గదిలోకి జారుకున్నాడు.

"ఎవరో చిన్నపిల్ల వాటిని వేసుకుని తిరుగుతోందని అనుకునేదాన్ని," అంది కూతురు. "అలా అనుకుంటే కాస్త నయంగా ఉండేది. అవి మనింట్లోనే ఉన్నాయా, నేను పడుకునే మంచానికి పైనే?"

"తప్పు చేశానే తల్లీ."

"మరి ఇప్పుడు నువ్వెందుకు వేసుకుంటున్నావు? నాకు పనికిరావన్నవి నీకు పనికొచ్చాయా?"

ఆ ప్రశ్న ఆవిడ తనను తాను వేసుకోని రోజు లేదు. తడబడుతూ చెప్పుకొచ్చింది. అటక దులుపుతుంటే స్కేట్లు చేతికి తగిలాయి. నిజంగానే ఎవరికైనా ఇచ్చేస్తే ఆ అబద్ధం నిజమైపోతుందని స్కేటింగు హాలుకి తీసుకెళ్ళింది. అక్కడ కూర్చుని చూస్తుంటే, కూతురి నుంచి తను లాక్కున్నదేమిటో తనకే తెలియదనిపించింది. తెలుసుకుందామని కాళ్ళకు తొడిగింది. ఇద్దరి పాదాల కొలతా ఒకటే.

"ఒక్క చుట్టు తిరగడం వస్తే నీకు చెప్దామనుకున్నా. రావడం లేదు. నీ దగ్గర లాక్కున్నది నాకెలా వస్తుంది?"

కూతురు సంచి తనే భుజాన వేసుకుని, పద అంది. బస్సులో తల్లి పక్కనే కూర్చుంది కానీ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

హాల్లో కోచ్ అందరికీ చెప్పినట్టే ఆవిడకీ చెప్పింది. ఎడమకాలి మీద నిలబడి, చేతులు దగ్గరకు తీసుకుంటూ ఎడమకు తిరగాలి. ఆవిడ తిరగబోయింది. సగం చుట్టుకే కాలు వణికి మోకాలి మీద పడింది. లేచింది, మళ్ళీ పడింది. రెయిలింగు పట్టుకుని మొహం గంటుపెట్టుకుని చూస్తున్న కూతురు, మూడోసారికి ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, ఇన్నేళ్ళూ మిషను ఏ కాలితో తొక్కావు?"

"కుడికాలితో."

"మరి దాని మీద నిలబడు. కుడివైపుకే తిరుగు. నేనూ అటే తిరిగేదాన్ని. నీ పోలికేగా నాది."

ఆవిడ కుడికాలి మీద బరువు వేసి, ఎడమకాలు కాస్త ఎత్తి, చేతులు గుండెకు దగ్గరగా తెచ్చుకుంది. హాలు కదిలింది. కూతురి మొహం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. రెండు చుట్లు. ఒళ్ళంతా దూదిలా తేలిపోయింది. నాలుగో చుట్టు వచ్చేదాకా ఇంటికి రానని ఆ పిల్ల ఎందుకు మొండికేసేదో ఆవిడకు అప్పుడు తెలిసింది. ఇంత సంతోషాన్నా తను గుడ్డల కింద దాచిపెట్టింది? ఆగిన చోటే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడుస్తూనే బయటికొచ్చి స్కేట్లు విప్పింది. కూతురిని బెంచీ మీద కూర్చోబెట్టి, కమిలిన మోకాళ్ళు నేలకానించి, ఆ పిల్ల పాదాలకు వాటిని తొడిగింది. చిన్నప్పటిలాగే మడమ దగ్గర రెండుసార్లు బిగించి లేసు కట్టింది.

"పదేళ్ళమ్మా," అంది కూతురు. "ఇవాళే మర్చిపోవడం నావల్ల కాదు."

"మర్చిపోవద్దులే. వెళ్ళి తిరుగు."

మొదటిసారి కూతురు దబ్బున పడింది. లేచి మళ్ళీ మొదలుపెట్టింది. రెయిలింగు దగ్గర తల్లి పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో చుట్టు సగంలో తూలి, కూతురు ఒగరుస్తూ తల్లి దగ్గరికి వచ్చి ఆగింది. కళ్ళు తుడుచుకుంది.

"శుక్రవారం నీ మోకాళ్ళ డాక్టరు ఎన్నింటికి రమ్మన్నాడు?"

"ఏడింటికి."

"నన్నూ లేపు. నా మోకాలు కూడా కమిలింది."