పడమటి గోడ పగులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. పొయ్యి పక్కన తాత. పిండి చేతులతో అమ్మ. కిటికీ దగ్గర కోపంతో మండిపోతూ తాంజిల అక్క. అక్క వెనక నేను. నాన్న లారీ వేసుకుని నజ్రాన్ పట్నం వెళ్లాడు. ఉండాల్సిన ఇంకో మనిషి, మేస్త్రీ జబ్రాయిల్, బయట మా బురుజు దగ్గర ఉన్నాడు. భోజనానికి రమ్మంటే ఆకలి లేదని కబురు పంపాడు. వరసగా నాలుగో రోజు.

"మన గోడ కడుతూ మన రొట్టె ముట్టడా?" తాత చేతికర్రతో నేలను కొట్టాడు. "మన ఇల్లు అంత చేదయిందా? సాయంత్రానికి సామాను సర్దుకోమను. ఇంకో మేస్త్రీని చూసుకుందాం."

ఇంకో మేస్త్రీ దొరకడని అందరికీ తెలుసు. ఈ రక్షిత ప్రాంతంలో పాత రాయిని ముట్టడానికి అనుమతి ఉన్నది ఇద్దరికే. రెండోవాడు వసంతం దాకా రాడు. పై కొండ అప్పుడే మంచుతో తెల్లబడింది. పడమటి గోడ పగులు నోరు తెరుచుకుని ఉంది. అందులో నీళ్లు దిగి గడ్డకడితే మా ముత్తాతల బురుజు ఈ చలికాలం దాటదు.

పైనున్న సిమెంటు పూత చెక్కేసి ఆ పగులు తెరిచింది కూడా జబ్రాయిలే. గుట్ట మీద పాత గుడి కప్పు పని ముగించుకుని వేసవిలో మా వాకిట్లోకి వచ్చాడు. సలాం చెప్పి, గోడను గోటితో గీకాడు.

"ఇక్కడ సిమెంటు పూసింది ఎవరు? వాళ్ల చేతులు విరగ్గొట్టాలి."

అక్క రెండు చేతులూ చాపింది. "ఇవే. విరగ్గొట్టు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం తగ్గలేదు. "సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు. సున్నమైతే పోనిస్తుంది. మీ బడిలో చెప్పలేదా?"

"మా బడిలో మర్యాద చెప్పారు. మీ బడిలో చెప్పలేదా?"

అప్పటి నుంచి రోజూ అదే వరస. మధ్యాహ్నం అమ్మ జున్ను కూరిన చపిల్గష్ రొట్టెల మీద వెన్న రాసి పెట్టేది. అతను తింటూ అక్కతో తగవు పెట్టుకునేవాడు. అక్క అతనికి సున్నం జల్లిస్తూ కూడా తిట్టేది. ఒక్కసారే, పెద్ద వాన వచ్చి, సున్నం గోతి మీద టార్పాలిన్ పట్టుకుని ఇద్దరూ దాని కిందే నిలబడ్డారు. ఆ గంటసేపూ ఒక్క తిట్టు కూడా వినపడలేదు.

"నేను వెళ్లి అడుగుతా," అంటూ అక్క రొట్టెల గిన్నె తీసుకుంది.

"నేనూ వస్తా. నా వంటకు వచ్చిన జబ్బేమిటో నా మొహం మీదే చెప్పమను," అంది అమ్మ.

జబ్రాయిల్ సున్నం కలుపుతున్నాడు. అక్కను చూసి నవ్వబోయాడు. వెనక అమ్మ కనపడింది. చేతిలోని తాపీ జారి సున్నంలో పడింది. టోపీ మొహం మీదికి లాక్కుని బురుజు వెనక్కి పరుగు తీశాడు. అమ్మ ఇటు నుంచి వెళ్తే అతను అటు. అటు నుంచి వెళ్తే ఇటు.

"పిరికివాడా! మా అమ్మ నీకేం చేసింది?" అక్క అరిచింది.

అమ్మ ఠక్కున ఆగింది. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతో ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"ఓసి పిచ్చిదానా, మీ నాన్న మా అమ్మ మొహం ఎప్పుడైనా చూశాడా?"

చూడలేదు. మాలో అల్లుడు, కాబోయేవాడైనా సరే, అత్త ఎదుట పడడు. అమ్మమ్మ దారిలో కనపడితే నాన్న లారీ ఆపి, దిగి, పొదల వెనక్కి పోయేవాడు.

"అల్లుడా? ఎవరికి?" అంది అక్క.

"నాకే!" అంటూ అమ్మ నన్ను లాక్కుని లోపలికి వచ్చి తాత చెవిలో చెప్పింది. కర్ర చప్పుడు ఆగింది.

"మరి రొట్టె బయటికి పంపాలని తెలియదా మీకు? నాలుగు రోజులు పస్తు పెట్టారా పిల్లాణ్ని!" తాత ఈసారి మా మీద విరుచుకుపడ్డాడు.

ఆడపిల్ల మగవాడితో ఒంటరిగా మాట్లాడకూడదని అమ్మ నన్ను బురుజు వైపు పెరటి గుమ్మంలో నిలబెట్టింది. అక్క అసలు కోపం అప్పుడు మొదలైంది.

"దాక్కోమని నీకు ఎవరు చెప్పారు? మా అమ్మను బాధపెట్టావు. తాత నిన్ను పంపేయబోయాడు, బురుజు కూలిపోయేది! నీ మనసులో అల్లుడివైపోయావు నాలుగు రోజుల కిందటే. నాకెప్పుడు చెప్పావు?"

అతని గడ్డం నిండా సున్నం. "చెబుదామంటే నువ్వు ఎప్పుడూ మీ అమ్మ పక్కనే ఉంటావు."

"ఫోన్ లేదా?"

"నంబరు అడిగితే సిమెంటు బస్తా మీద రాశావు. చూడకుండా ఆ బస్తా పారేశాను."

"వెతుక్కోవాలి!"

"రెండు రోజులు వెతికాను. తాంజిలా, నన్ను..."

"ఆగు." అక్క గిన్నె అతని ముందు పెట్టింది. "ముందు చేతులు కడుక్కో. తిను. పస్తుతో అడిగితే నేను జవాబివ్వను. తిన్నాక అడుగు, మెల్లిగా."

అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది. తన కొత్త తలగుడ్డ నేను కట్టుకున్నప్పుడు చూసే చూపు అది. కానీ బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నన్ను ఇక్కడే ఉండమని అమ్మ చెప్పింది..."

"ఉండు. లోపల ఉండు," అని వచ్చి నా ముక్కు ముందే తలుపు వేసేసింది.