కామా దగ్గర తెగిన మాట

ఆ ఆఫీసులో ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే అమ్మాయికి భూతద్దం అని పేరు. పేరు పెట్టిన మహానుభావుడు పక్క సీటు ప్రోగ్రామర్. రోజుకు పది తప్పులు రాసి ఆమెకు చేతినిండా పని కల్పిస్తున్న దాత కూడా ఆయనే.

ఆ ఉదయం ఆమె ఒక ప్రింటవుట్ తెచ్చి అతని కీబోర్డు మీద పెట్టింది.

"మీ ప్రోగ్రాము దాచిన ఫైలు. చదవండి."

ఒకే లైను ఉంది. ఈ భూతద్దాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట.

అతను ఆ కాగితాన్ని గబుక్కున లాక్కున్నాడు. "అది టెస్ట్ డేటా అండీ! వాక్యాన్ని కామాల దగ్గర ముక్కలు చెయ్యాలిగా, నిన్న సాయంత్రం ఏదో ఒకటి టైప్ చేశాను."

"ఏదో ఒకటి టైప్ చేస్తే నేనొచ్చానా? అబ్బో, ఎంత అభిమానం!"

"ఇంకా మూడు ముక్కలున్నాయండీ."

"మిగతా తిట్లా? వద్దులెండి. మేనేజర్ గారు నన్ను పై అంతస్తు టీముకి రమ్మన్నారు. వారం నుంచి ఎటూ తేల్చుకోలేకపోతున్నా. మీ పుణ్యమా అని తేలిపోయింది."

ఆమె లేని ఆఫీసులో అతనికి ఒక్క పూట కూడా తోచదు. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

ఇంతకీ మనవాడి ఘనకార్యం ఏమిటంటే, అన్ని భాషల అక్షరాలూ పట్టాలని వాక్యాన్ని వైడ్ క్యారెక్టర్లలో, అంటే ఒక్కో అక్షరానికి ఎక్కువ చోటిచ్చే పద్ధతిలో పెట్టాడు. ముక్కలు చెయ్యడానికి wcstok అనే రెడీమేడ్ ఫంక్షన్ వాడాడు. అది కామాని చెరిపేసి ఆ చోట సున్నా పెడుతుంది. సున్నా కనిపిస్తే వాక్యం అయిపోయినట్టే లెక్క. అందుకే ముందు కాపీ తీసుకుని, కాపీని కొయ్యాలి. ఈయన అసలుదాన్నే కోసి, కోసినదాన్నే ఫైల్లో దాచాడు.

"మిగతాది నోటితో చెప్పనా?"

"మీ నోటిని నమ్మి ఎన్నిసార్లు మోసపోలేదు! నా మెషీన్లో బాగానే నడుస్తోందండీ అంటారు. చూపించండి."

నిన్న తప్పులు వెతికే డీబగ్గర్లో ఆపిన ప్రోగ్రాము ఇంకా అలాగే ఉంది. అతను మెమరీ విండో తెరిచి, తల దించుకుని కూర్చున్నాడు. సున్నాల వెనక మాటలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆమె వంగి చదివింది.

ఈ భూతద్దాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట 0 సెలవు పెడితే ఇంకా మంట 0 పక్క కుర్చీ ఖాళీగా ఉంటే చెయ్యి ఆడదు 0 పెళ్లి చేసుకుంటారా అని అడిగే ధైర్యం మాత్రం లేదు.

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి కూడా చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

"కాపీ తీసుకోలేదు. ఇది ఒకటో తరగతి పిల్లల తప్పు," అంది చివరికి.

"తెలుసండీ. మరి... మీరేమంటారు?"

"దేనికి? ధైర్యం లేదని రాశారు, అంతే. అడిగినట్టు ఇందులో ఎక్కడా లేదే!"

అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. అంత గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?" మూడు వరుసల అవతలికి వినబడేలా అడిగాడు.

ఆమె ఫోన్ తీసి మేనేజర్ నంబరు నొక్కింది. "సార్, నేను పై అంతస్తుకి రావడం లేదండీ. ఇక్కడ పని చాలా ఉంది," అని పెట్టేసి, ఇతని వైపు తిరిగింది.

"చేసుకుంటాను. అందరూ చూస్తున్నారు, ముందు ఆ కుర్చీ ఎత్తండి."