రేపు రమ్మన్న తలుపులు

ఆ జిన్నింగు మిల్లు షెడ్డు పేరెత్తితే ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ పిల్లల్ని దగ్గరకు లాక్కుంటారు. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలోని ఊరే. పేరు చెప్పను. ఆ తలుపుల వెనక దాక్కున్నవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు.

మిల్లు ఎప్పుడో మూతపడింది. పత్తి బోరేలు పెట్టే రేకుల షెడ్డు మాత్రం మిగిలింది. పగలు అందులో మేకలు పడుకునేవి. పొద్దుగూకితే మేకలు కూడా ఉండేవి కావంటారు...

ఊరికే రాలేదు ఆ చెడ్డపేరు.

ఒక ఎండాకాలం ఊరిమీద వాంతులు, భేదులు పడ్డాయి. సర్కారు ఆస్పత్రిలో మంచాలు నిండాయి, వరండా నిండింది, వేపచెట్టు కింద నేల కూడా నిండింది. మిగిలినవాళ్లను తెచ్చి ఈ షెడ్డులో పడేశారు. వచ్చింది కలరా. ఆ మాట పైకి అనొద్దని పెద్దలు నోళ్లు మూయించారు. పేరు మారిస్తే రోగం సిగ్గుపడి పోతుందా? షెడ్డులోకి నడిచొచ్చినవాళ్లు బళ్లమీద బయటికి పోయారు.

హన్నమ్మ అనే కూలిమనిషి కొడుకు అందులో పడ్డాడు. దాహం దాహం అని వాడు రాత్రి ఏడుస్తుంటే, ఆమె ఇత్తడి చెంబు పట్టుకుని మిల్లు వెనక బజారుకు పోయింది. తలుపు తలుపూ కొట్టింది. ఒక్కరూ తీయలేదు. రోగానికి జడిసి తీయలేదో, ఊరి బయటి పల్లె మనిషని తెలిసి తీయలేదో... అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. తెల్లారి చూస్తే కొడుకు షెడ్డులో పోయాడు. తల్లి ఒక గడప ముందు పోయింది. చెంబు ఖాళీగానే ఉంది.

అప్పటి నుంచి మొదలైందంటారు. రాత్రిపూట తలుపు గొళ్లేనికి చెంబు తగిలిన చప్పుడు.

టంగ్... టంగ్...

"అమ్మా... గుక్కెడు నీళ్లు..."

పలికితే లోపలికి వస్తుందనీ, వచ్చిన ఇంట్లో మనిషి దక్కడనీ పుకారు పుట్టింది. రేపు రమ్మని తలుపుమీద రాస్తే దెయ్యం చదువుకుని తిరిగిపోతుందని ఎవడో చెప్పాడు. మిల్లు వెనక బజారులోనే కాదు, మసీదు బజారులో, స్టేషను బజారులో, ఊరంతా సుద్దముక్కలతో రాసుకున్నారు: "రేపు రా".

హన్నమ్మకు చదువు రాదన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

తర్వాత కొన్నేళ్లకు, పంతొమ్మిది వందల ఎనభైల్లో, అలాంటి ఎండాకాలమే మళ్లీ వచ్చింది. సాగరు కాలవ కట్టేశారు. చెరువు అడుగంటింది. బావుల్లో బురద తోడుకుని వడగట్టుకు తాగారు. మళ్లీ వాంతులు, మళ్లీ భేదులు. రోగం కన్నా ముందు భయం పాకింది. గుంటూరులో కూడా మంచాల్లేవంట. బస్సులు ఆపేస్తారంట. సెలైను సీసా కోసం నరసరావుపేటలో కొట్టుకున్నారంట... ఎవరి నోట విన్నా ఇదే.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, మసీదు బజారు హజ్రా బీ కూతురు షహనాజ్ మంచం పట్టింది. తల్లీకూతుళ్లిద్దరూ మిరపకాయల కొట్లో తొడాలు తీసి బతికేవాళ్లు. మొగుడు పోయాక హజ్రా బీకి ఆ పిల్ల తప్ప ఇంకో దిక్కు లేదు. చీకటి పడేసరికి పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. వేళ్లు ముడతలు పడ్డాయి. అరటిపండ్ల తోపుడు బండి అడిగి తీసుకుని, దానిమీద పడుకోబెట్టి, ఆస్పత్రికి తోసుకుపోయింది.

గేటు మూసి ఉంది. లోపలి నుంచి కాపలా మనిషి చెయ్యి ఊపాడు.

"నేలమీద గూడా చోటు లేదమ్మా. షెడ్డుకు తీసుకుపో. నర్సమ్మ ఆడుంది."

"ఆ షెడ్డుకా?"

వాడు ముఖం తిప్పుకున్నాడు. "ఇంకో షెడ్డు యాడుంది?"

షెడ్డులో రెండు లాంతర్లు. వరసగా చాపలు, గోనెపట్టలు. మూలుగులు... కక్కులు... బ్లీచింగు పొడి వాసన. నర్సు ప్రమీలమ్మ ఒక్కతే అటూ ఇటూ తిరుగుతోంది. పక్క చాపమీద తన భార్యకు విసురుతున్న వీరయ్య జరిగి చోటిచ్చాడు.

"పడుకోబెట్టు చెల్లెమ్మా. దెయ్యం సంగతి పట్టించుకోబాక. అదొచ్చినా చీటీ రాయించుకు రమ్మని వెనక్కి పంపిస్తారు వీళ్లు."

షహనాజ్ పెదాలు కదిలాయి.

"అమ్మీ... నీళ్లు..."

"వద్దు బేటీ. నీళ్లు తాగితే ఇంకా పోతయ్."

ఆ మాట విని ప్రమీలమ్మ లేచి వచ్చింది. "ఎవరు చెప్పారే నీకు? ఒంట్లో నీరంతా పోయింది దానికి. నీళ్లు పట్టకుండానే సగం మందిని చంపుకున్నారు మీరంతా!"

"మా అమ్మ చెప్పింది... అందరూ అదే అంటారు గదా సిస్టరమ్మా..."

"అందరూ అంటానే ఉన్నారు, బళ్లు పోతానే ఉన్నయ్. సెలైను అయిపోయింది. జీపు గుంటూరు పోయింది, తెల్లారేదాకా రాదు. అందాకా నీళ్లే మందు. బాగా కాచి, చెంబుడు నీళ్లకు చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర కలిపి గుక్క గుక్క పట్టు. లేకపోతే తెల్లారేసరికి పిల్ల ఉండదు."

ఇంత పచ్చిగా చెప్పి, ప్రమీలమ్మ తలవంచుకుంది. షెడ్డులో నీళ్ల డ్రమ్ము ఖాళీ. ట్యాంకరు రాలేదు. ఆవరణలో బావి ఉంది గాని, ఆ నీళ్లు తాగే సగం మంది అక్కడ పడున్నారు. ఇంతమందిని వదిలి ఆమె కదిలేందుకు లేదు.

హజ్రా బీ ఇంటి నుంచి తెచ్చి కూతురి పక్కన పెట్టిన ఇత్తడి చెంబు తీసుకుంది. "పిల్లను చూస్తా ఉండు అన్నా."

వీరయ్య ఆమె ముఖం చూశాడు, చెంబు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆ బజారుకా... ఈ యాళప్పుడా... చెంబుతోనా?"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

కరెంటు లేదు. మిల్లు వెనక బజారు బావిలా నల్లగా ఉంది. తలుపులమీద సుద్ద రాతలు మాత్రం తెల్లగా మసకమసకగా... రేపు రా... రేపు రా... రేపు రా...

మొదటి ఇంటి తలుపు సందులోంచి దీపం వెలుగు కనపడింది. హజ్రా బీకి ప్రాణం లేచొచ్చింది. చెంబుతో గొళ్లెం తట్టింది.

టంగ్...

దీపం ఆరిపోయింది.

ఆ చప్పుడుకు ఆమే చెంబు వెనక్కి లాక్కుంది. చుట్టూ చూసింది. కొట్టింది తనేనా... ఇంకెవరైనా కొట్టారా...

"అమ్మా, నేను దెయ్యాన్ని కాదు. మసీదు బజారు హజ్రాని. పిల్లకు బాలేదు... గుక్కెడు నీళ్లమ్మా..."

లోపల గుసగుస. "పేరు గూడా చెబుతందే... నోరెత్తబాకండి!"

రెండో ఇల్లు. ఆ పక్కది. దాని ఎదురుది. పిలిచింది, బతిమాలింది, అల్లా మీద, వాళ్ల దేవుళ్లందరి మీద ఒట్టేసింది. ఏ ఇంట్లోనూ అలికిడి లేదు. ఎక్కడో కుక్క ఒక్కటి మొరిగి, మధ్యలో ఆపేసింది.

బజారు చివర శేషమ్మ ఇల్లు. మిరపకాయల కొట్టు యజమాని ఇల్లే. ఆ అరుగుమీద కూర్చుని హజ్రా బీ ఎన్నోసార్లు కూలి డబ్బులు తీసుకుంది. ఆశగా తలుపుకు చెవి ఆనించింది. లోపల ఎవరి నోరో నొక్కిపట్టినట్టుంది, శేషమ్మ గుసగుసగా చెబుతోంది.

"పలకబాక... పలికితే లోపలికొచ్చిద్ది..."

హజ్రా బీ తలుపు మీంచి చెవి తీసింది.

అవి తన మాటలే. నిరుడు ఒక రాత్రి తన తలుపు గొళ్లెం మోగితే, షహనాజ్ నోరు మూసి, తను ఇవే మాటలన్నది. ఆ రాత్రి బయట ఎవరో ఆడమనిషి చానాసేపు పిలిచింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఆగిపోయింది.

ఎవరామె? దెయ్యమా... ఇట్టాగే చెంబు పట్టుకొచ్చిన తల్లా? ఏ బిడ్డ కోసం వచ్చింది? ఆ బిడ్డ ఏమైంది?

ఏడుపు రాలేదు హజ్రా బీకి. కోపం వచ్చింది. తనమీద, ఈ బజారుమీద, ఆ గేటుమీద, రాని ట్యాంకరుమీద... అరికాలి నుంచి పైకి పాకింది. కొప్పు ముడి లాగి పారేసింది. జుట్టు విరబోసుకుంది. చెంబు రెండు చేతులతో ఎత్తి తలుపుమీద బాదింది.

"ఏమే శేషమ్మా! రేపు రమ్మన్నావు గదే! రేపయింది. వచ్చాను!"

లోపల ఏదో గిన్నె పడి దొర్లింది.

"ఈ బజారంతా వినండి! ప్రతి ఇంట్లో పొయ్యి వెలగాలి. నీళ్లు తెర్ల కాచండి. చెంబుడికి చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర! గడపలో పెట్టి తలుపేసుకోండి. పెట్టిన ఇంటి జోలికి రాను. పెట్టకపోతే... రేపు రాను. ఇయ్యాలే వస్తా!"

శేషమ్మ తలుపు వెనక సన్నటి వణుకు గొంతు.

"తల్లీ... చక్కెర నిండుకుంది. బెల్లం ఉంది..."

"బెల్లమే వెయ్యవే!"

ఒక ఇంటి కప్పుమీద పొగ లేచింది. తర్వాత ఇంకో ఇంటిమీద... మనిషి మనిషిలా అడిగితే చెవినపెట్టని బజారు, దెయ్యమై అరిస్తే అర్ధరాత్రి వంట మొదలుపెట్టింది. ఏమనాలి ఈ జనాన్ని?

ఒక్కో తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఒక్కో చెయ్యి బిందెనో తపేలానో బయటికి నెట్టి, కాలినట్టు వెనక్కి పోయింది. హజ్రా బీ చంకనొకటి, నెత్తినొకటి పెట్టుకుని షెడ్డుకూ బజారుకూ తిరిగింది. చీకట్లో వస్తున్న ఆమెను చూసి వీరయ్య కేకపెట్టబోయి, బిందె చూసి ఆగాడు.

"యాడియి చెల్లెమ్మా ఇయ్యన్నీ?"

"దెయ్యానికి పెట్టినయ్. ముందు వదినకు తాగించు."

షహనాజ్ మొదటి గుక్క కక్కేసింది. రెండోదీ కక్కేసింది. హజ్రా బీ చెయ్యి ఆపలేదు. చెంచా, ఆగడం... చెంచా, ఆగడం... ప్రమీలమ్మ మిగతావాళ్లకు పట్టిస్తోంది. తెల్లవారుజాము చల్లగాలి తిరిగేవేళకు షహనాజ్ కళ్లు తెరిచింది.

"అమ్మీ... నీ జుట్టేంది, అట్టుంది?"

హజ్రా బీ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. పిల్ల బతుకుతుందని మాత్రం తెలిసింది.

కాని బిందెలు ఖాళీ అయ్యాయి. జీపు ఇంకా రాలేదు. మళ్లీ బజారుకు పోదామని లేచేసరికి, మిల్లు గేటు దగ్గర మనుషుల అలికిడి. చూస్తే ఆడవాళ్లు, మగవాళ్లు, వరసగా బిందెలు, కావిళ్లు. భయం భయంగా గేటు బయటే దించుతున్నారు. వాళ్లు మిల్లు వెనక బజారువాళ్లు కారు. రైలు కట్టకు అవతల ఉండే స్టేషను బజారువాళ్లు.

ప్రమీలమ్మ ఒక బిందెలో నీళ్లు అరచేతిలో పోసుకుని నాలుకమీద వేసుకుంది. ఉప్పగా, తియ్యగా... ఆమె చెప్పిన కొలతే.

"ఇట్టా కలపమని మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగింది.

వాళ్లలో ఒక ముసలావిడ ముందుకొచ్చింది. వేలు చాపి హజ్రా బీని చూపించింది. విరబోసిన జుట్టు, చేతిలో ఇత్తడి చెంబు.

"ఈమే. తలుపు సందులోంచి చూశా, రాత్రి మా తలుపులు కొట్టి చెప్పిపోయింది. చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర అని ఎన్నిసార్లు చెప్పిందో."

హజ్రా బీ రైలు కట్ట వైపు చూసింది. రాత్రంతా ఆమె రైలు కట్ట దాటలేదు. ఆ కొలత ప్రమీలమ్మ చెప్పింది ఈ షెడ్డులోనే, ఈ చాపల మధ్యనే. హజ్రా బీ అరిచింది మిల్లు వెనక బజారులోనే. ఆ అరుపు కట్ట దాటి వినపడేది కాదు.

ముసలావిడ దగ్గరకొచ్చింది. చీకట్లో భయపడి తలుపు తీయనందుకు సిగ్గుపడుతూ, హజ్రా బీ చెయ్యి పట్టుకుంది.

"మనసులో పెట్టుకోబాక బిడ్డా. అంతగా ఏడ్చినా తియ్యలేకపోయా. ఇప్పుడెట్టా ఉంది నీ కొడుక్కి?"

హజ్రా బీ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. షెడ్డులోకి, లాంతరు వెలుగు అందని మూలకు చూసింది.

"నాకు కొడుకుల్లేరమ్మా..." అంది.