మధ్యాహ్నం మాత్రమే తెగే మాట

యానిల్డా రొసారియో డిటెక్టివ్ పెగెరో ఆఫీసు మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. ఆమె అలా బిగుసుకుపోయి కూర్చోవడం చూసి డ్రైవరు తోమోకి మనసు చివుక్కుమంది. గబగబా కాఫీ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె దాని వంక కూడా చూడలేదు.

ప్యూర్తో ప్లాతా ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్ అంటే మిల్సియాదెస్ పెగెరో ఒక్కడే. సన్నగా, పొడుగ్గా, ఎంత ఎండలోనైనా నలగని ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు. వచ్చేవన్నీ మొగుళ్ళ వెంటపడే కేసులే కాబట్టి ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆయన్ని చూస్తే వీధి మారతారు. తోమో ఒకప్పుడు బస్సు నడిపేవాడు, ఇప్పుడు ఆయన కారు నడుపుతాడు. పెగెరో అంతటి బుర్ర ఈ దీవిలోనే లేదని అతని నమ్మకం, అడగనివాళ్ళకి కూడా ఆ సంగతి చెబుతుంటాడు.

“మా ఇంట్లో ఎవరో నా గొంతు నొక్కేస్తున్నారు సార్,” అంది యానిల్డా చివరికి. “ఎవరో కూడా తెలుసు. రుజువే లేదు.”

“మొదట్నుంచి చెప్పమ్మా.”

“పై దేశంలో ఆసుపత్రుల్లో మనవాళ్ళుంటారు కదా, వాళ్ళకి ఇంగ్లీషు రాదు. డాక్టరు మాట వాళ్ళకీ, వాళ్ళ మాట డాక్టరుకీ నేను ఫోన్‌లో చెబుతాను. ఇంట్లో కూర్చునే. వైఫై మీద చెయ్యకూడదు, రౌటర్ నుంచి నేరుగా కేబుల్ ఉండాలని కంపెనీ రూలు. అలాగే పెట్టాను. ఆ కేబులే చంపుతోంది నన్ను. ఉన్నట్టుండి లైను పోతుంది. కాసేపే, నాలుగు సార్లు ఊపిరి తీసేలోపు వచ్చేస్తుంది. కానీ వచ్చేసరికి కాల్ ఉండదు.”

ఆమె కాఫీ కప్పును పక్కకి జరిపింది.

“మొన్న ఒక తల్లి. పిల్లాడికి ఫిట్స్. మందు ఎలా వెయ్యాలో డాక్టరమ్మ చెబుతోంది. సగం చెప్పాను, తెగిపోయింది. మిగతా సగం ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలీదు సార్. ఎప్పటికీ తెలీదు. పడుకుంటే ఆవిడే వినిపిస్తోంది, ‘ఉన్నావా తల్లీ, ఉన్నావా’ అంటూ. ఇవాళ షిఫ్టులో ఒక్కసారి తెగినా ఇంక రావద్దన్నారు. అమ్మమ్మనీ ఇంటినీ లాగేది నేనొక్కదాన్నే.”

పెగెరో కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు తెగుతోందా?”

“అదే అనుకున్నా మొదట. కాదు. రౌటర్ ఆరిపోదు. వైఫై చక్కగా ఉంటుంది. మా పిన్ని కొడుకు వాండీ వెనక గదిలో వైఫై మీద ఆటలాడుతుంటాడు. వాడి ఆట ఒక్క క్షణం ఆగదు, నా కాల్ పోతుంది! ‘నాది బాగానే ఉందక్కా’ అని నవ్వుతాడు కూడా. తాతయ్య పోయాక ఆయన గది వాడు అడిగాడు, నా పనికని నేను తీసుకున్నాను. ఆ కడుపుమంట.”

“ఏ వేళప్పుడు తెగుతుంది?”

“మధ్యాహ్నాలు. చీకటి పడ్డాక ఒక్కసారి తెగితే ఒట్టు. చీకటి పడగానే వాండీ హోటల్లో పనికెళ్ళిపోతాడు. ఇంకేం కావాలి సార్?”

“మీ తాతగారు పోయి ఎన్నాళ్ళు?”

“ఈస్టర్ తర్వాత పోయారు. తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యేదాకా ఇంటినిండా జనమే, అప్పుడు లైను బాగానే ఉంది. అందరూ వెళ్ళిపోయాకే మొదలైంది. టెక్నీషియన్ రెండుసార్లు వచ్చాడు. రౌటర్ మార్చాడు, కేబుల్ కొసలు మార్చాడు. వాడున్నంతసేపూ బంగారంలా పనిచేస్తుంది. వాడు గడప దాటాక నా ఖర్మ మళ్ళీ మామూలే.”

“పద తోమో,” అని పెగెరో లేచాడు.

ఇల్లు సముద్రానికి రెండు వీధుల అవతల, చుట్టూ వరండా ఉన్న పాత చెక్క ఇల్లు. వరండా గచ్చు నున్నటి పలకలు. వాటి మీద ఆకుపచ్చ రంగేసిన పెద్ద ఊగుడు కుర్చీ ఒకటి, దాని పక్కన మామూలు కుర్చీలు. యానిల్డా అమ్మమ్మ నల్లబట్టల్లో ఎదురొచ్చింది. పేరు ఎమెతేరియా, పెద్దావిడ కాబట్టి ఊళ్ళో అందరికీ డోన్యా ఎమెతేరియా. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక సంచి సర్ది ఉంది.

“వాండీది బాబూ,” అంది ఆవిడ తోమో చూపు కనిపెట్టి. “పిల్ల వాణ్ణి పొమ్మంది. ఒక్క తాత చేతుల్లో పెరిగారు ఇద్దరూ.” మామూలు కుర్చీలో కూర్చోబోతున్న పెగెరోతో, “మీరు అందులో కాదు, ఇందులో కూర్చోండి,” అంది. వంగి ఆకుపచ్చ కుర్చీని కొంచెం ముందుకు లాగి, దుమ్ము దులిపి, పెగెరోని అందులోనే కూర్చోబెట్టింది. “ఇది మా ఆయన ఎలీహియో కుర్చీ. వచ్చినవాళ్ళెవరైనా ఇందులో కూర్చుంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది.”

పెగెరో కుర్చీ ఊపుకుంటూ కాఫీ తాగాడు. తోమో కేబుల్ వెంట నడిచి చూశాడు. హాల్లో రౌటర్ దగ్గర మొదలై, కిటికీలోంచి వరండాలోకి వచ్చి, గోడవారగా పాకి, ఎలీహియో గది కిటికీలోంచి లోపలికి పోయింది. మిగిలిన పొడవంతా చుట్టగా చుట్టి కుర్చీ వెనక గోడ కింద పడేసి ఉంది. బూడిదరంగు తీగ. ఆ చుట్ట మీద ఒకచోట ఆకుపచ్చ మరక అంటుకుని ఉంది.

“లోపల గది తలుపు హాల్లోకే ఉంది కదమ్మా, ఇంత చుట్టు తిప్పడం దేనికి?” అన్నాడు తోమో.

“తలుపు కింద పడి కేబుల్ నలుగుతుందని,” అంది యానిల్డా. “జాగ్రత్త కోసం.”

వెనక గదిలోంచి వాండీ వచ్చాడు. నిద్రలేని మొహం, చేతిలో ఫోను. “నన్నడగండి సార్, నాక్కూడా తెలుసుకోవాలనుంది. కత్తిరించానా? ప్లగ్గు పీకానా? ఈవిడ నన్ను దొంగలా చూస్తుంటే అమ్మమ్మ అన్నం మానేసింది.”

“నువ్వు నోరు ముయ్యరా!” అంది యానిల్డా. “నీ మూలానే ఆ తల్లి...”

“ఏ తల్లక్కా? నేనేం చేశానక్కా ఆవిణ్ణి?”

పెగెరో చెయ్యెత్తాడు. “అమ్మా, నువ్వు గదిలోకెళ్ళి కేబుల్ మీదే తోమోకి ఫోన్ చెయ్యి. ఏదో ఒకటి చదువుతూ ఉండు, ఆపకు. వాండీ, నువ్వు నీ ఆట ఆడుకో.”

ఆమె చదివింది. లైను తెగలేదు. పెగెరో రెండో కాఫీ తాగాడు, మూడోది కూడా అడిగాడు. తెగలేదు. ఫోన్‌లో యానిల్డా గొంతు ఏడుపులోకి దిగింది. “చూశారా సార్, ఎవరైనా వస్తే చాలు ఇంతే. షిఫ్టు మొదలయ్యే వేళవుతోంది. ఇంక నన్నెవరు నమ్ముతారు?”

“చదువుతూ ఉండమ్మా,” అని పెగెరో లేచాడు. ఆయన లేవగానే డోన్యా ఎమెతేరియా ఉరికొచ్చి, ఊగుతున్న కుర్చీని రెండు చేతులా పట్టి ఆపింది. ఆ పని తోమో కూడా చేసేవాడే. ఖాళీ కుర్చీ ఊగనిచ్చినందుకు చిన్నప్పుడు వాళ్ళమ్మ చేత దెబ్బలు తినని మనిషి ఆ ఊళ్ళో లేడు. “వెళ్ళొస్తాం డోన్యా,” అన్నాడు పెగెరో.

తోమో నిర్ఘాంతపోయాడు. కారు వీధి మలుపులో ఆపించి, “ఫోన్ పెట్టెయ్యకు. ఇంటి వంకే చూడు,” అన్నాడు పెగెరో.

సముద్రం మీద గాలి లేచింది. ఆ ఊళ్ళో మధ్యాహ్నాలు అది లేచే వేళే. ఎదురింటి డాబా మీద దుప్పట్లు ఎగిరాయి, కొబ్బరి మట్టలు కొట్టుకున్నాయి. తోమో చెవిలో యానిల్డా ఏదో మందు డబ్బా మీద అక్షరాలు చదువుతోంది. “భోజనం తర్వాత రెండు...” అంది, అంతే. చెవిలో ఏమీ లేదు. ఆ పేరు తెలియని తల్లికి వినిపించింది ఇదేనని తోమో అనుకున్నాడు.

“తెగింది సార్!”

“వరండాలో ఏం చూశావు?”

“ఏం లేదు సార్. ఎవరూ లేరు. ఏదీ కదల్లేదు.”

“ఇంత గాలిలో ఏదీ కదల్లేదు,” అన్నాడు పెగెరో నెమ్మదిగా. “నువ్వెళ్ళి మలుపు కొట్లో ఇంతే పొడవు కొత్త కేబుల్ తీసుకురా. పరిగెత్తు.”

తోమో తిరిగొచ్చేసరికి ఇల్లు రణరంగంగా ఉంది. యానిల్డా వాండీ సంచిని మెట్ల మీదికి విసిరేసింది. “గదిలో ఒక్కడివే ఉన్నావు! ఇప్పుడే తెగింది! పో, నా కళ్ళ ముందు నుంచి పో!” వాండీ సంచి ఎత్తుకున్నాడు. ముసలావిడ వాడి చొక్కా పట్టుకుని వేలాడుతోంది.

“అందరూ ఇలా వరండాలోకి రండి,” అన్నాడు పెగెరో. గొంతు పెంచలేదు గానీ అందరూ వచ్చారు. “అమ్మా యానిల్డా, వాడి ఆట ఆగలేదంటే తప్పు వాడిదని నువ్వు అనుకున్నావు. నేను వాడికి సంబంధం లేదనుకున్నాను. వాడి ఆట ఆగలేదంటే బయట లైను బాగుంది, రౌటర్ బాగుంది. చెడేది రౌటర్‌కీ నీ బల్లకీ మధ్య. అక్కడ ఉన్నది కేబుల్ ఒక్కటే.”

“టెక్నీషియన్ చూశాడు కదా సార్!”

“ఎక్కడ కూర్చుని చూశాడు?”

యానిల్డా ఆకుపచ్చ కుర్చీ వంక చూసింది. “ఆ కుర్చీలో. అమ్మమ్మ కాఫీ ఇచ్చింది.”

“నేనూ అందులోనే కూర్చున్నాను. తొమ్మిది రోజులూ వచ్చినవాళ్ళూ అందులోనే కూర్చున్నారు. కుర్చీలో మనిషి ఉంటే నీ లైను తెగదు. చీకటి పడితే ఎందుకు తెగదు? వాండీ వెళ్ళాడని కాదు. ఊరందరిలాగే మీరూ దొంగల భయానికి కుర్చీలు లోపల పెడతారని. ఇందాక ఊరంతా గాలికి ఊగుతుంటే ఈ కుర్చీ ఒక్కటీ ఊగలేదు. వంగి చూడు.”

యానిల్డా మోకాళ్ళ మీద కూర్చుంది. ఊగుడు కుర్చీ వెనక కాలి కింద కేబుల్ చుట్ట ఇరికించి ఉంది. గాలి కుర్చీ వీపును తోసినప్పుడల్లా కుర్చీ బరువు దాని మీద పడి నొక్కుతోంది. లోపలి సన్న తీగలు ఎప్పుడో చితికాయి. నొక్కినప్పుడు విడిపోతాయి, గాలి ఆగితే కలుస్తాయి. ఆకుపచ్చ రంగు కుర్చీ కాలిది.

అందరూ ఒక్కసారే ముసలావిడ వంక చూశారు.

“నేనే పెడుతున్నాను,” అంది డోన్యా ఎమెతేరియా. ఆవిడకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. “చెక్కముక్క పెడితే ఈ పలకల మీద జారిపోతోంది. ఇది జారదు. ఎవరైనా వస్తే తీస్తాను, వెళ్ళాక పెడతాను. అందులో తప్పేముంది? అది టెలిఫోను తీగ కదా, మీ తాత పెట్టించింది. ఆ లైను చచ్చి ఎన్నేళ్ళయింది.”

“అమ్మమ్మా, అది నా ఇంటర్నెట్!”

“నువ్వే కదే చెప్పావు, ఇంటర్నెట్ గాల్లోంచి వస్తుందని? ఆ డబ్బా కొత్తగా పెట్టినప్పుడు నేనడిగితే చెప్పావు.”

యానిల్డా ఆ మాట నిజంగానే చెప్పింది. తోమోకి ఆమె మొహంలోనే తెలిసింది.

“ఆయన పోయిన ముందు రోజు సాయంత్రం ఈ కుర్చీ ఖాళీగా ఊగింది,” అంది ముసలావిడ. “వంటింట్లోంచి చూశాను. చేతిలో పనుండి ఆపడానికి రాలేదు. తెల్లారి ఆయన లేడు. ఖాళీ కుర్చీ ఊగితే ఇంట్లో ఒకర్ని చావు పిలుస్తుందని మా పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఇంకోసారి ఊగితే ఎవర్ని పిలుస్తుంది? ఈ ఇంట్లో నాకు మిగిలింది మీరిద్దరే. నన్ను పిలిస్తే హాయిగా పోదును, మిమ్మల్ని పిలిస్తే?” అప్పుడు ఆవిడకు అర్థమైంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “ఫిట్స్ పిల్లాడి తల్లి... ఆవిడ మాట తెంపింది నేనా తల్లీ?”

యానిల్డా లేచి అమ్మమ్మను గట్టిగా కావిలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఎవరిని ఎవరు ఓదారుస్తున్నారో తోమోకి తెలియలేదు. తన మొహం కనపడకుండా కొత్త కేబుల్ విప్పే పనిలో పడ్డాడు. ఈసారి కేబుల్ తలుపు పైనుంచి, గోడ మీదుగా పోయింది.

షిఫ్టుకు వేళయింది. యానిల్డా గదిలోకి వెళ్ళబోతూ ఆగింది. గాలి ఇంకా వీస్తోంది. కాలి కింద అడ్డు లేని కుర్చీ మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ముసలావిడ దాన్ని పట్టుకుని, వదల్లేక, మనవరాలి వంక చూస్తోంది. ఇలా చీకటిదాకా పట్టుకుని నిలబడటం ఆవిడ వల్ల కాదని అందరికీ తెలుసు.

మెట్ల మీద వాండీ సంచి కింద పెట్టాడు. వచ్చి అమ్మమ్మ చేతులు కుర్చీ మీద నుంచి తీసి, తనే అందులో కూర్చున్నాడు.

“చీకటిదాకా నేనుంటాను. పనిలోకి వెళ్ళేటప్పుడు లోపల పెట్టి వెళతాను. నువ్వెళ్ళి మాట్లాడుకో అక్కా.”

యానిల్డా మెట్లు దిగి వాడి సంచి తీసుకుని తన గదిలోకి పట్టుకుపోయింది.

పెగెరో కారు వైపు నడిచాడు. తోమో మాత్రం వరండా పక్కనే నిలబడిపోయాడు. గాలి జోరుగా వీస్తోంది, కుర్చీ వాండీతో పాటు ఊగుతోంది. కిటికీ రెక్కల వెనక యానిల్డా గొంతు వినిపించింది, ఎక్కడో ఎవరితోనో.

“ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నాను. చెప్పండి.”